పాట కట్టినవారి పేరేది?

కృత్తివెన్ను మండలంలో ఒక ఊరు. కూలి రేట్ల సంగతి తేల్చుకుందామని సాయంత్రం పూట మీటింగు పెట్టాం. జనం కూడేదాకా పాట ఎత్తుకోవడం మనకు అలవాటే గదా! మన కుర్రాడొకడు డప్పు అందుకుని "బండెనక బండి కట్టి" పాడాడు. పాట అయ్యాక ముందు వరసలో కూర్చున్న పదో క్లాసు పిల్ల అడిగింది:

"అన్నా, ఈ పాట ఎవరు రాశారు?"

"గద్దర్" అన్నాడు పాడినవాడు. "కాదు, సినిమా వాళ్లు రాయించుకున్నది" అన్నాడు పక్కవాడు. "ఎవరూ రాయలేదు, జానపదం" అని తేల్చేశాడు ఒక పెద్దాయన.

మూడూ తప్పే. ఆ పాట కట్టింది యాదగిరి. బండి యాదగిరి అని కూడా అంటారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో గెరిల్లాగా పనిచేసిన మనిషి. నైజాం సర్కారును నిలదీస్తూ పాట కట్టాడు. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన "మాభూమి" సినిమాలో గద్దర్ దాన్ని పాడారు, తెర మీద కూడా ఆయనే కనిపించారు. ఆ గొంతు మీదుగా పాట ఊరూరికీ చేరింది. 2023 ఆగస్టులో ఆయన కన్నుమూసినప్పుడు కూడా జనం నోట ఆడింది ఈ పాటే. ఇందులో పాడినవారి తప్పేమీ లేదు. ఆయనకు రావలసిన గౌరవం ఆయనకు వచ్చింది. కట్టినవాడికి రావలసింది మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోయింది.

ఆ సినిమాలోదే ఇంకో పాట "పల్లెటూరి పిల్లగాడా". దొర దగ్గర పశువులు కాసే పిల్లవాడి గోడు అది. దీన్నీ చాలామంది జానపదమే అనుకుంటారు. రాసినవాడు సుద్దాల హనుమంతు. పాత నల్లగొండ జిల్లా సుద్దాల ఆయన ఊరు. నేతపనివారింట పుట్టాడు. బుర్రకథ, గొల్లసుద్దులు వంటి జనం కళలను పోరాటానికి పనిముట్లుగా మలిచాడు. 1982లో చనిపోయాడు. సినిమా పాటలు రాసే సుద్దాల అశోక్ తేజ ఆయన కొడుకే.

ఇక "మా భూమి" అన్న పేరు మన కృష్ణా జిల్లాకు కొత్తది కాదు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి ఆ పేరుతో నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఆడాయి. సినిమాకు ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల. పేరొకటే గాని రెండూ వేరు. ఇది కూడా మనలో ఎంతమందికి తెలుసు?

పేరెందుకు అనేవారికి

మీటింగులో ఈ సంగతి ఎత్తగానే ఒక కార్యకర్త అడ్డం తగిలాడు. "పోరాట పాట జనం సొత్తు. ఒకడి పేరెందుకు? అది వ్యక్తివాదం కాదా?" అన్నాడు. నిజాయితీగా అడిగిన ప్రశ్నే. జవాబు చెప్పుకోవాలి.

మన డెల్టాలో కౌలు రైతు సంగతి చూడండి. దున్నేది అతను, నాటేది అతను, నీళ్లు పెట్టేది అతను. పట్టా ఇంకొకరిది. బ్యాంకు అప్పు పట్టాదారుకు, తుఫాను వస్తే నష్టపరిహారం కూడా పట్టాదారుకే. సాగు చేసేవాడి పేరు కాగితం మీద వుండాలని మనం ఎన్నేళ్లుగా అడుగుతున్నాం! 2019లో రాష్ట్ర ప్రభుత్వం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. అయినా దాని కింద కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. అందుకే చాలామందికి కార్డే లేదు. పొలంలో కష్టపడినవాడి పేరు కాగితం మీద వుండాలనే మనం, పాటలో కష్టపడినవాడి పేరు అక్కర్లేదంటే ఎలా?

నిజమే, ఒకరివని చెప్పలేని పాటలూ వున్నాయి. ఊడ్పుల్లో ఒకామె ఎత్తుకుంటుంది, పదిమంది అందుకుంటారు. గట్టు మారేసరికి ఇంకొకామె రెండు చరణాలు కలుపుతుంది. అలాంటిది ఆ వరస మొత్తానిది. అట్లాగే అవసరాన్నిబట్టి పాటలో మాటలు మార్చుకోవడమూ తప్పు కాదు. కానీ కట్టిన మనిషి ఎవరో తెలిసి కూడా, తెలుసుకునే వీలుండి కూడా, "జానపదం" అని రాసేయడం వేరు. క్యాసెట్ల రోజుల నుంచి సెల్‌ఫోన్ల రోజుల దాకా వ్యాపారికి ఆ మాట ఎంతో సుఖం. జానపదం అంటే అడిగేవాడు లేడు, ఇవ్వాల్సిన పైసా లేదు.

పది షిల్లింగుల పాట

దక్షిణాఫ్రికాలో ఏమయిందో చెబుతాను. సోలమన్ లిండా జులూ జాతివాడు. చిన్నప్పుడు పశువులు కాశాడు. మందల మీద పడే సింహాలను తరిమిన జ్ఞాపకాలున్నాయి. బతుకుదెరువుకు జోహానెస్‌బర్గ్ వలస వెళ్లాడు. 1939లో తన బృందంతో "ంబూబే" అనే పాట పాడి రికార్డు చేయించాడు. ంబూబే అంటే సింహం. రికార్డు కంపెనీ అతని చేతిలో పెట్టింది పది షిల్లింగులు.

రికార్డు అమెరికా చేరింది. అక్కడ దాన్ని విని పాడుకున్నది ఎవరో కాదు, కార్మికుల సభల్లో పాడిన పీట్ సీగర్, ఆయన బృందం. జులూ మాట సరిగా వినబడక "విమొవే" అని పాడారు. ఆఫ్రికా జనం పాత పాటే అనుకున్నారు. 1961లో ఇంకో బృందం ఇంగ్లీషు మాటలు కలిపి పాడింది, ప్రపంచమంతా మోగింది. ఎంతోమంది గాయకులు మళ్లీ మళ్లీ పాడారు. 1994లో డిస్నీ సినిమా "లయన్ కింగ్"లో కూడా వినిపించింది. లిండా 1962లో చేతిలో డబ్బు లేకుండా చనిపోయాడు. సమాధి మీద రాయి వేయించడానికి కూడా ఇంటివాళ్లకు ఏళ్లు పట్టింది. చివరకు ఆయన కూతుళ్లు కోర్టుకెక్కారు. 2006లో రాజీ కుదిరింది. ఆ పాట కట్టినవారిలో లిండా ఒకడని ఒప్పుకుని, రావలసిన డబ్బులో వాటా ఇవ్వడానికి అంగీకరించారు.

సీగర్ మోసగాడు కాదు. తర్వాత లిండాకు డబ్బు కూడా పంపాడు. కానీ "జనం పాట" అని ముందే అనుకోవడం వల్ల జరిగిన నష్టం జరిగింది. మన పక్షం మనిషి చేతిలో కూడా ఇది జరుగుతుంది. నా చేతిలోనే జరిగింది.

నా తప్పు

కొన్నేళ్ల కిందట సంఘం తరఫున ఒక చిన్న పాటల పుస్తకం వేశాం. కూర్చింది నేనే. అందులో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మీద ఒక పాట వుంది. ఎవరో పాడుతుంటే విని రాసుకున్నాను. పైన "సేకరణ" అని నా పేరు వేసుకున్నాను. కట్టినదెవరని అడగాలన్న ఆలోచనే రాలేదు. పాట మరీ పొడుగుగా వుందని, సభలో కుదరదని, మధ్యలో కొన్ని చరణాలు తీసేశాను.

ఆ మీటింగులో పదో క్లాసు పిల్ల ప్రశ్న విని, వెనక కూర్చున్న ఒక మామ్మ లేచింది. "అబ్బాయ్, మీ పుస్తకంలో ఉప్పెన పాట ఎవరిదిరా?" అంది. నేను నీళ్లు నమిలాను. "నాదేరా" అంది.

ఆమె దివిసీమ ఆడపడుచు. పెళ్లయి ఇటొచ్చింది. ఉప్పెనలో పుట్టింటివాళ్లు పోయారు. చదువు రాదు. ఊడ్పుల్లో పాడుకుంటూ కట్టుకుంది. "పాట నాదని చెప్పలేదు, పోనీ. నువ్వు తీసేసిన ముక్క ఏందో తెలుసా? అందులోనే మా వాళ్ల పేర్లు చెప్పుకున్నా. వాళ్లకు సమాధులా, రాళ్లా? ఆ పాటలోనే వున్నారు" అంది.

ఎవరినీ ఏమీ అనడానికి లేదు. తప్పు నాది. ఆమెను ఒక్కసారి కలిసి అడిగివుంటే ఆ పేర్లు పుస్తకంలో వుండేవి.

మనం చేయాల్సింది

1957 కాపీరైటు చట్టంలో 57వ సెక్షను వుంది. రాసినవాడు తన రచన హక్కులు ఇంకొకరికి రాసిచ్చినా, ఇది నాది అని చెప్పుకునే హక్కు మాత్రం అతని దగ్గరే వుంటుంది. పోయాక వారసులు అడగవచ్చు. రాసినవారు పోయిన మరుసటి ఏడు నుంచి లెక్కేసి 60 ఏళ్ల దాకా కాపీరైటు నడుస్తుంది. ఆ లెక్కన హనుమంతు రచనలకు 2042 చివరి దాకా వుంటుంది. రిజిస్టరు చేయించకపోయినా హక్కు పోదు. సినిమా పాటలు రాసేవారికి రాయల్టీలో వాటా వుండాలని 2012 సవరణలో చేర్చారు. కానీ మన మామ్మలాంటివాళ్లు కోర్టుల చుట్టూ తిరగలేరు. ముందు మన ఇంట్లో మనం దిద్దుకోవాలి.

సభలో పాట ఎత్తే ముందు కట్టినవారి పేరు, ఊరు చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి, జానపదం అని కొట్టేయకండి. పాటల పుస్తకంలో కట్టినవారి పేరు పైన, సేకరించినవారి పేరు కింద వేయండి. పాత దళాల్లో పాడినవాళ్లు, ఊడ్పుల్లో పాట ఎత్తుకునే ఆడవాళ్లు బతికి వుండగానే వెళ్లి అడగండి. పూర్తి పాట రాసుకోండి, తేదీ వేయండి. చరణం తీసేయాల్సి వస్తే వాళ్లనే అడిగి తీయండి.

ఆ రాత్రి మామ్మ పాట మొత్తం పాడింది. ఆ పదో క్లాసు పిల్ల నోటుబుక్కులో రాసుకుంది. పేర్లు వచ్చిన చోట మామ్మ ఆగి, సరిగా రాశావా అని అడిగి మళ్లీ సాగింది. కూలి రేట్ల చర్చ మొదలయ్యేసరికి బాగా పొద్దుపోయింది. ఎవరూ లేచి వెళ్లలేదు. పుస్తకం రెండో ముద్రణ ఆ నోటుబుక్కులోంచే వస్తుంది.