టొమేటో మొక్కకు ఊతకర్ర

పిల్లలూ! మీ పెరట్లో బీరపాదుగాని, పొట్లపాదుగాని ఉంటే ఒకసారి దగ్గరగా చూడండి. తీగనుంచి సన్నని నులితీగెలు బయలుదేరి, దొరికిన పుల్లకల్లా చుట్టుకుంటూ ఉంటాయి. మనం పందిరి చూపిస్తే చాలు, ఎక్కడం దాని పని.

పెద్దవాళ్లు కొందరు రామములక్కాయ అని పిలిచే టొమేటోకు ఈ నేర్పు లేదు. దానికి నులితీగెలు ఉండవు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతం. అక్కడి అడవి టొమేటోలు నేలమీద పాకుతాయి. కాండం తడిమట్టిని తాకినచోట కొత్త వేళ్లు కూడా పుడతాయి గనక, పాకడం వాటికి లాభమే. మన తోటలో మాత్రం నష్టం. తడినేలను ఆనుకున్న పండు కుళ్లుతుంది. గాలి ఆడని ఆకులకు తెగుళ్లు పడతాయి. అందుచేత మనమే మొక్కకు ఆసరా ఇవ్వాలి.

ఇంగ్లండులో వేసవి చల్లగా ఉంటుంది. అందుకని అక్కడ చాలామంది ఇంటి తోటలో చిన్న అద్దాల గది కట్టి టొమేటో పెంచుతారు. ఎండ అద్దాలగుండా లోపలికి వస్తుంది. వేడెక్కిన గాలి సులభంగా బయటికి పోదు. గది ఇరుకు గనక మొక్కను పక్కలకు పోనివ్వరు, పైకే పంపుతారు. కప్పుకింద ఇనుపతీగ కట్టి, దానినుంచి మొక్కకొక పురికొస వేలాడదీస్తారు. రెండో కొసను కాండం అడుగున వదులుగా ముడివేస్తారు. మొక్క పెరిగేకొద్దీ కాండాన్ని ఆ తాడుచుట్టూ మెల్లగా తిప్పుతారు.

తాడు కట్టగానే పని అయిపోలేదు. ఆకుకాడ కాండాన్ని కలిసే పంగలో చిన్న పిలక ఒకటి పుడుతుంది. ఊరుకుంటే అదీ ఒక పెద్ద కొమ్మ అవుతుంది. దానికీ పిలకలు వస్తాయి! అందుకని అంగుళం పొడవుండగానే పిలకను వేళ్లతో గిల్లివేస్తారు. జాగ్రత్త! పూగుత్తి పంగలో పుట్టదు. రెండు ఆకుల మధ్య కాండంనుంచే వస్తుంది. దాన్ని గిల్లితే కాయలు పోయినట్టే.

"ఇలా గిల్లితే మొక్కకు దెబ్బ కాదా?" అని మీరు అడగవచ్చు. మొక్క తయారుచేసుకునే ఆహారం కొమ్మలన్నిటికీ పంచుకుపోకుండా కాయలకు అందుతుంది. 6, 7 పూగుత్తులు వచ్చాక అక్కడివారు మొక్క తలను కూడా తుంచుతారు. ఆపైన వచ్చే కాయలు చలి ముంచుకువచ్చేలోగా పండవు మరి.

ఇంకొక చిక్కు ఉంది. టొమేటో పువ్వులో పుప్పొడి కేసరాల గొట్టంలో ఉంటుంది. పువ్వు అదిరితే అది రాలుతుంది. బయట ఆ పని గాలీ, ఝుమ్మనే తుమ్మెదలూ చేస్తాయి. మూసిన గదిలో గాలి ఏదీ? అందుకని పగటిపూట తాడును వేలితో తట్టి పువ్వులను కదిలిస్తారు.

మనకు అద్దాల గది అక్కరలేదు. మదనపల్లె ప్రాంతపు రైతులు ఆరుబయటనే కర్రలు పాతి, తీగలు లాగి టొమేటో పండిస్తారు. మీరు చలికాలంలో కుండీలోనో పెరట్లోనో మొక్క నాటండి. నాటేటప్పుడే పక్కన 5 అడుగుల వెదురుకర్ర పాతండి. తరవాత పాతితే వేళ్లు తెగుతాయి. పాతగుడ్డ పేలికను 8 అంకెలాగా మెలిపెట్టి, ఒక చుట్టు కర్రకూ ఒక చుట్టు కాండానికీ వచ్చేలా వదులుగా కట్టండి. కాండం లావెక్కుతుంది, బిగించి కడితే ఒరుసుకుపోతుంది.

అయితే టొమేటోలో పొదలాగా పెరిగి ఆగిపోయే రకాలూ ఉన్నాయి. వాటి పిలకలు గిల్లకూడదు, కాయలు తగ్గిపోతాయి. విత్తనం కొనేటప్పుడే ఏ రకమో అడగండి.

ఎప్పుడైనా మరచిపోతే, పిలక జానెడు పొడవు అయిందనుకోండి. తుంచి పారవెయ్యకండి! గ్లాసుడు నీళ్లలో నిలబెట్టి రోజూ చూడండి. కొద్దిరోజుల్లో తెల్లని వేళ్లు కనిపిస్తాయి. నేలమీద పాకిన తాతల గుణం అది ఇంకా మరిచిపోలేదన్నమాట. దాన్ని మట్టిలో నాటితే మీకు రెండో మొక్క. ఈసారి ఊతకర్ర ముందే పాతడం మరవకండి!