అతుకు కానరాని పెంకు నేల

శంషాబాదులో విమానాశ్రయము 2008 మార్చిలో తెఱవబడిన పిదప ఆ ప్రాంతపు పొలములలో ఇండ్ల స్థలములును, వానివెంట నిలువెత్తు ప్రకటన పలకలును వెలసినవి. బెంగుళూరు రహదారిని పోవువారు ఇట్టి బొమ్మలను చూచియే యుందురు. పచ్చని తోట, తెల్లని గోడలు, ముందు వసారాలో ఎఱ్ఱమట్టి పలకలు పఱచిన నేల, దానిపై సాయంకాలపు ఎండ. చూచినంతనే ఛాయాచిత్రమని తోచును. కాని పెక్కుమాఱులు ఆ యిల్లు ఇంకను కట్టబడియుండదు. ఆ నేలపై ఎవరును నడచియుండరు. అది కంప్యూటరుతో గీసిన చిత్రము.

గృహస్థుడు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును ఇట్టి చిత్రమును చూచియే వెచ్చింప నిశ్చయించుకొనుచున్నాడు. కావున అది ఎట్లు తయారగునో, ఎంతవఱకు నమ్మదగినదో తెలిసికొనుట మనకు అవసరము.

పెడనలో కలంకారీ అద్దకమును చూచినవారికి ఇందలి కీలకము సులభముగా బోధపడును. పనివాడు ఒక్క కొయ్య అచ్చును రంగులో అద్ది, గుడ్డపై వరుసగా ఒత్తుచు పోవును. అచ్చు కుడి యంచున సగములో ఆగిన తీగ, తరువాతి ఒత్తులో ఎడమ యంచుననున్న మిగిలిన సగముతో కలియును. అచ్చు జానెడే; గుడ్డ పలు గజములు; అతుకు మాత్రము కానరాదు.

కంప్యూటరులోని నేలయు నిట్టిదే. మొదట గోడ, నేల, స్తంభము మున్నగువాని ఆకారములు లెక్కలతో నిర్మింపబడును. అవి వట్టి బూడిదరంగు రూపములు. పిమ్మట వానిపై వస్తువు యొక్క రంగును, పోగును చూపు చిత్రమును అతికింతురు. ఈ పద్ధతిని 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున ఎడ్విన్ కాట్మల్ తన పరిశోధన గ్రంథములో వివరించెను. అతికించు చిత్రమునకు టెక్స్చరు అని పేరు.

మట్టి పలకల నేలకు టెక్స్చరు చేయుట యెట్లు? మబ్బు పట్టిన దినమున, నేలకు నిటారుగా పైనుండి ఛాయాచిత్రము తీయుదురు. ఎండలో తీసినచో పలకల నీడలు చిత్రములో నిలిచిపోవును. తరువాత చిత్రములోని సూర్యుడు తూర్పుననుండగా, నేలపై నీడలు కూడ తూర్పునకే పడి, చూచువానికి ఏదో పొరపాటు తోచును.

తరువాత కొలత. పలక 95 మిల్లీమీటర్లు, పలకల నడుమ సందు 5 మిల్లీమీటర్లు అనుకొందము. పలకయు, ఒక సందును కలిసి 100 మిల్లీమీటర్లు. అట్టివి పది చేరిన సరిగా ఒక మీటరు. చిత్రము ఈ కొలతకే తెగవలెను. రెండంచులను సందును ఉంచినచో, ముక్కలు కలిసినచోట సందు రెట్టింపగును. పలకను అడ్డముగా ఇష్టమువచ్చినచోట కోసినచో, నడుమ కుఱుచ పలకలు వచ్చును. సరిగా కోసిన పిదప చిత్రమును సగము ప్రక్కకును, సగము క్రిందికిని జరుపుదురు. అప్పుడు అంచులన్నియు నడుమకు వచ్చి, దాగిన అతుకు కూడికగుర్తువలె బయటపడును. దానిని మాన్పి, తిరిగి యథాస్థానమునకు జరుపుదురు. ఒక మీటరు ముక్కను 2,048 చుక్కల వెడల్పున ఉంచినచో, ఒక్కొక్క చుక్క సుమారు అర మిల్లీమీటరును చూపును. వసారా నేలకు అది చాలును.

ఐనను ఒక చిక్కు కలదు. ఆఱు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల వసారాలో ఆ ముక్క ఇరువదినాలుగు మాఱులు వచ్చును. అందులో ఒక పలకపై నల్లని మచ్చ ఉన్నచో, ఇరువదినాలుగు మచ్చలు బారులు తీర్చి నిలుచును. కన్ను దానిని వెంటనే పట్టుకొనును. అందుచే నేర్పరులు పెద్ద ముక్కను తీసికొందురు. పలకల రంగులను చెదరగొట్టుదురు. దుమ్ము, తడి, అరుగుదల అను పొరలను వేఱు కొలతలతో పైని పఱతురు.

మట్టి పలక స్వభావమే ఇందుకు కారణము. బంకమన్నులోని ఇనుము, గాలి సోకు ఆవములో కాలి ఎఱ్ఱబాఱును. మంట అన్ని ప్రక్కల ఒక్కతీరుగా తగులదు. కావున ఒక పలక నారింజ చాయను, మఱియొకటి ఇటుక చాయను తేలును. ఏ రెండు పలకలును సరిగా ఒక్కటి కావు. అన్నియు ఒక్కతీరుగానున్న నేల చిత్రములో రబ్బరు చాపవలె కనబడును.

రంగు ఒక్కటియే చాలదు. 1978లో జేమ్స్ బ్లిన్ ఒక ఉపాయము చూపెను. నేలను నిజముగా గుంటలు చేయక, ప్రతి చుక్కవద్ద నేల అభిముఖముగానున్న దిశను మాత్రము లెక్కలో కొంచెము మార్చినచో, ఎగుడుదిగుడులున్నట్లు తోచును. గఱుకుదనమునకు మఱియొక చిత్రము వేఱుగ ఉండును. పొడి మట్టి పలక వెలుతురును నలుదెసల చెదరగొట్టును. తడిసినప్పుడు రంగు ముదిరి మెఱయును.

అనుకరణ మన నగరమునకు క్రొత్త గాదు. చార్మినారునకు చేరువనున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలపై మెఱుగు పలకల పొదుగుపని కలదు. 1908 మూసీ వరదలో అందు కొంత చెడిపోగా, తరువాత ఆ భాగములను రంగులతో చిత్రించి పూరించిరి. రంగు పలక రూపమును చూపగలదు. పలక గట్టితనమును ఈయలేదు.

గృహస్థునకు ముఖ్యమైనది ఈ భేదమే. మెఱుగు లేని మట్టి పలక నీటిని పీల్చును. నూనె, పసుపు మరకలను విడువదు. పైపూత లేనిచో వంటయింటికి తగదు. చిత్రము ఈ మాట చెప్పదు. కావున అసలు పలకను చేతికి ఇమ్మని అడుగుడు. దానిపై నీటిబొట్టు వేసి చూడుడు. ఆ పలక రకమును, కొలతను ఒప్పందపత్రములో వ్రాయించుకొనుడు.

చట్టము కూడ మనకు తోడున్నది. 2016 నాటి స్థిరాస్తి చట్టము 12వ సెక్షను ప్రకారము, ప్రకటనలోగాని నమూనా యింటిలోగాని ఉన్న తప్పుడు వివరమును నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవానికి పరిహారము రావలెను. అతడు విరమింపదలచినచో సొమ్మంతయు వడ్డీతో తిరిగి రావలెను. కనుక ప్రకటన పత్రమును పాఱవేయక దాచుకొనుడు. అతుకు కానరాకుండ చిత్రించుట చిత్రకారుని నేర్పు. ఆ చిత్రమునకును కట్టిన యింటికిని నడుమ అతుకు ఎక్కడనున్నదో వెదకుట కొనువాని పని.