బడికి విరాళాలు అడుగుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

మీ పిల్లలు చదివే ప్రభుత్వ బడికి బెంచీలు కావాలి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టి 'తోచినంత ఇవ్వండి' అంటే సరిపోతుందనుకుంటాం. డబ్బు ఎవరి ఖాతాలోకి వెళుతుందన్నదే చాలామందికి వచ్చే మొదటి అనుమానం. స్కాన్ చేయగానే బడి పేరో, కమిటీ పేరో కాకుండా ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే ఆ అనుమానంలో తప్పు లేదు.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. ప్రభుత్వ నిధులే కాదు, ఇతరత్రా వచ్చినవి ఎలా ఖర్చవుతున్నాయో చూడాల్సింది కూడా ఆ కమిటీయే. అందుకే ముందు అక్కడ తీర్మానం చేయించండి. ఎన్ని బెంచీలు, ఒక్కోటి ఎంత, ఇప్పటిదాకా ఎంత వచ్చింది... మెసేజ్‌లో ఇవి ఉంటే జనం నమ్ముతారు.

దాతల జాబితా మాత్రం గ్రూపులో పెట్టకండి. ఇచ్చినవాళ్ల పేర్లు పెడితే ఇవ్వలేనివాళ్లెవరో తెలిసిపోతుంది. మర్నాడు క్లాసులో తలదించుకునేది వాళ్ల పిల్లలే. వచ్చిన మొత్తం, బిల్లు ఫొటో చాలు. పిల్లలకు చందా పుస్తకాలిచ్చి వీధుల్లో తిప్పడమూ వద్దు. పోస్టర్లు గీయమనండి, సరదాగా చేస్తారు.

నగదు గొడవే వద్దనుకుంటే కేంద్ర విద్యాశాఖ 'విద్యాంజలి' పోర్టల్ ఉంది. బడి తన అవసరాన్ని అందులో నమోదు చేస్తే, దాతలు వస్తువులే ఇవ్వొచ్చు.

ఇక ప్రైవేటు బడిలో సీటుకు 'డొనేషన్' అడిగితే అది విరాళం కాదు. అదే చట్టంలోని 13వ సెక్షన్ కింద, వసూలు చేసిన దానికి పది రెట్ల దాకా జరిమానా పడొచ్చు.