డిస్కు దోషమా, దారి దోషమా?

మా ఊరి తెలుగు సంఘానికి ఎనిమిది డిస్కుల చిన్న సర్వరు ఒకటి ఉన్నది. ఇరవై ఏళ్ళ ఉగాది, సంక్రాంతి ఉత్సవాల చిత్రాలతో పాటు, ఇప్పుడు మన మధ్య లేని కొందరు పెద్దలు తమ పల్లెల గురించి, బాల్యం గురించి చెప్పుకొన్న మాటల ధ్వనిముద్రణలు అందులో ఉన్నాయి. వాటికి రెండవ ప్రతి లేదు. ఒక శనివారం మూడవ అరలోని డిస్కుకు ఎర్రదీపం వెలిగింది. సర్వరు బాధ్యత చూసే యువకుడు కొత్త డిస్కు తెచ్చి అమర్చాడు. రెండు రోజులకు ఆ కొత్తదానికీ ఎర్రదీపమే వెలిగింది. "అంకుల్, ఇది కూడా పోయింది. ఇంకొకటి ఆర్డరు చేయమంటారా?" అని ఫోను చేశాడు. "దేనినీ తాకవద్దు, నేను వస్తున్నాను" అన్నాను.

నా ఆందోళనకు కారణం చెబుతాను. డిస్కులను గుంపుగా కట్టి ఒకదాని లోటును మిగిలినవి పూడ్చే పద్ధతిని 'రెయిడ్' అంటారు. బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రకటించిన పత్రంతో ఈ పేరు స్థిరపడింది. మా సర్వరులోనిది ఐదవ తరహా రెయిడ్. ఏడు అంకెలను, వాటి మొత్తాన్ని వేరువేరు కాగితాల మీద వ్రాసి ఉంచామనుకొందాం. ఒక కాగితం పోతే, మిగిలిన ఏడింటి నుండి దానిని లెక్కగట్టవచ్చు. రెండు కాగితాలు పోతే మాత్రం లెక్క తెగదు. మా మూడవ డిస్కు అప్పటికే గుంపులో లేదు. ఆ స్థితిలో పొరపాటున మరొక డిస్కును ఊడదీస్తే మొత్తం గుంపు నిలిచిపోతుంది. దానిని తిరిగి లేపడం నిపుణులకు కూడా కష్టసాధ్యం.

ఇక రెండవ అనుమానం. కొత్త డిస్కు రెండు రోజులలో చెడిపోవడం అసంభవం కాదు. కాని ఒకే అరలో పాతదీ కొత్తదీ వెంటవెంటనే చెడ్డాయంటే, డిస్కు కంటె ముందు ఆ అరకు వచ్చే దారిని శంకించాలి. ఊరి నుండి ఉత్తరం రాలేదంటే తాతగారికి ఏదో అయిందని అర్థం కాదు. వాగు పొంగి బస్సు రాకపోయి ఉండవచ్చు. సర్వరు కూడా ఇట్లాగే పొరబడుతుంది. అడిగిన దత్తాంశం వేళకు రాకపోతే "డిస్కు పోయింది" అని దీపం వెలిగిస్తుంది. ఆ తీర్పు జవాబు రాలేదన్నంత వరకే నిజం. ఎందుకు రాలేదో దీపానికి తెలియదు.

దారిలో మజిలీలు చాలా ఉన్నాయి. డిస్కు అడుగున ఉన్న విద్యుత్ పలక, దాని కనెక్టరు, అరల వెనుక నిలువుగా ఉండే బ్యాక్‌ప్లేను, అక్కడి నుండి కేబులు, కేబులు చేరే కంట్రోలరు కార్డు, ఆ కార్డును నడిపే సాఫ్టువేరు. వీటన్నిటికీ ప్రాణాధారమైన విద్యుత్ సరఫరా వేరు. ఏ మజిలీలో చిక్కు వచ్చినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే.

1956లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. వాటిలో పట్టినవి 50 లక్షల అక్షరాలు. ఆ తరువాత డిస్కులను కంప్యూటరుకు కలిపే పద్ధతులు ఎన్నో వచ్చాయి. 1986లో అమెరికాలో ప్రమాణీకరించిన 'స్కజ్జీ' పద్ధతిలో కంట్రోలరుతో సహా ఎనిమిది పరికరాలు ఒకే కేబులు మీద వరుసగా ఉండేవి. సాధారణ రకం కేబులు పొడవు 6 మీటర్లకు మించరాదు. దాని రెండు కొసలలోను 'టెర్మినేటరు' తప్పనిసరి. అది లేకపోతే విద్యుత్ సంకేతం కొసను తాకి, బావిలో కేకవేస్తే మారుమ్రోగినట్లు వెనుదిరిగి వచ్చి, వెనుక వచ్చే సంకేతాలను చెడగొట్టేది. రెండు పరికరాలకు ఒకే సంఖ్య ఇచ్చినా అయోమయమే. ఆనాటి ఇంజనీర్లు ముందుగా చూసేది కొసలను, సంఖ్యలను.

2003 ప్రాంతాల నుండి 'శాటా', 'శాస్' పద్ధతులు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. వీటిలో ప్రతి డిస్కుకూ విడిగా దారి ఉంటుంది కనుక పాత చిక్కులు తొలగిపోయాయి. కాని వేగం పెరిగిన కొద్దీ దారి నాజూకైంది. సెకనుకు 1200 కోట్ల బిట్లు పంపే శాస్ దారిలో ఒక్కొక్క బిట్టుకు దక్కే కాలం సెకనులో 1200 కోట్లవ వంతు. ఆ వ్యవధిలో శూన్యంలో కాంతి సైతం రెండున్నర సెంటీమీటర్ల దూరం మాత్రమే పోగలదు. అటువంటి దారిలో కేబులు పదునుగా వంగినా, కనెక్టరులో ధూళి చేరినా, సంకేతం రూపు చెడుతుంది.

అదృష్టవశాత్తు, చెడిన సంకేతం చాలావరకు ఆచూకీ విడిచి పోతుంది. పంపేవారు ప్రతి మూటకూ ఒక తనిఖీ సంఖ్యను జోడిస్తారు. అందుకొన్నవారు మళ్ళీ లెక్కగట్టి, సరిపోకపోతే ఆ మూటను తిరిగి పంపమంటారు. శాటా డిస్కులు తమ ఆరోగ్య పట్టికలో ఇటువంటి తప్పులను సాధారణంగా 199వ అంశం క్రింద లెక్కిస్తాయి. 5వ అంశం చెడ్డచోట్లకు బదులుగా వేరే చోట్లు కేటాయించిన లెక్క. 197వ అంశం చదవడం కష్టమై తేలవలసి ఉన్న చోట్ల లెక్క. 5, 197 పెరుగుతుంటే పళ్ళెం మీద అనుమానం, 199 పెరుగుతుంటే దారి మీద అనుమానం. అయితే 199వ లెక్క కేబులు మార్చినా తిరిగి సున్న కాదు. కనుక అంకె ఎంత ఉన్నదని కాక, నిన్నటికీ నేటికీ పెరిగిందా అని చూడాలి. శాస్ పద్ధతిలో ఇటువంటి లెక్కలు దారికి రెండు కొసలలోను ఉంటాయి.

దోషం వ్యాపించిన తీరు కూడా సాక్ష్యం చెబుతుంది. ఒక్క అరలోనే చిక్కు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఆ అర కనెక్టరునో, దానికి వచ్చే తీగనో చూడాలి. ఒకే కేబులు మీది నాలుగు డిస్కులు ఒక్కసారిగా మాయమైతే, నాలుగూ ఒకే క్షణాన చచ్చాయనుకోరాదు. ఆ కేబులును చూడాలి. అన్నీ మాయమైతే కంట్రోలరును, పని ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే ఒకసారి ఇది, ఒకసారి అది జారిపోతుంటే విద్యుత్ సరఫరాను శంకించాలి.

దీనికి విరుద్ధమైన భ్రమ కూడా ఉన్నది. ఇళ్ళలో వాడే కొన్ని డిస్కులు చెడ్డచోటు తగిలితే దానిని చదవాలన్న పట్టుదలతో చాలాసేపు మౌనం వహిస్తాయి. లినక్సు వ్యవస్థ సాధారణంగా 30 సెకన్లు మాత్రమే ఎదురుచూస్తుంది. అప్పుడు దారి తెగినట్లు కనిపించినా, తప్పు పళ్ళెంలోనే ఉంటుంది. అందుకే రెయిడ్ కోసం తయారయ్యే డిస్కులు సుమారు 7 సెకన్లలో ఓటమి ఒప్పుకొని, ఆ భాగాన్ని మిగిలిన డిస్కుల నుండి పూరించుకోనిస్తాయి.

మా సర్వరు దగ్గరకు వెళ్ళి ముందుగా దోష పత్రాలను, ఆరోగ్య పట్టికలను వేరొక యంత్రంలోకి వ్రాసుకొన్నాము. ఏ అరలో ఏ క్రమసంఖ్య గల డిస్కు ఉన్నదో కాగితం మీద గీశాము. ఎర్రదీపం వచ్చిన రెండు డిస్కులలోను 5, 197 సున్న. 199 మాత్రం రెండింటిలోను వందల మీద ఉన్నది. పాత డిస్కును వేరొక యంత్రంలో మొదటి నుండి చివరి వరకు చదివించగా ఒక్క తప్పూ రాలేదు. అయినా మరమ్మతుకు తొందరపడలేదు. మిగిలిన ఏడు డిస్కుల గుంపును చదవడానికి మాత్రమే తెరిచి, ఉన్నదంతా బయటి డిస్కుకు ఎత్తుకొన్నాము. ఒక రాత్రీ ఒక పగలూ పట్టింది.

ఆ తరువాత యంత్రాన్ని ఆపివేసి పరీక్ష మొదలుపెట్టాము. ఒక కేబులు మొదటి నాలుగు అరలకు, మరొకటి తక్కిన నాలుగింటికి వెళుతున్నది. అరల వైపు కొసలను తారుమారు చేసి, గుంపును లేపకుండా డిస్కులను విడివిడిగా చదివించాము. తప్పులు మూడవ అరను వదలి ఏడవ అరలో మొదలైనాయి. అంటే డిస్కూ, అరా నిర్దోషులు. మిగిలినవి కేబులు, కంట్రోలరు. మళ్ళీ ఆపివేసి, ఈసారి కంట్రోలరు వైపు కొసలను తారుమారు చేశాము. తప్పులు ఏడవ అరలోనే నిలిచాయి. దోషి కేబులే. పెట్టె మూత దానిని నొక్కి మడత పెట్టింది. ఒక కేబులు కొని మార్చాము. పాత డిస్కు ఇప్పటికీ పనిచేస్తున్నది.

ఇందులో పాటించిన నియమం ఒక్కటే: ఒక్కొక్క మారు ఒక్క మార్పు. కేబులు, డిస్కు, కార్డు అన్నీ ఒకేసారి మార్చినా యంత్రం నడిచేది. కాని తప్పు ఎక్కడున్నదో తెలిసేది కాదు. చాలామంది చేసినట్లు డిస్కును ఊడదీసి మళ్ళీ నొక్కితే చిక్కు కొన్ని రోజులు అణగి, మరింత అననుకూల సమయంలో తలెత్తుతుంది.

పెద్ద సంస్థలలో ప్రతి డిస్కుకూ రెండు దారులు ఉంచుతారు. అక్కడి ప్రమాదం వేరు. ఒక దారి తెగినా పని సాగుతుంది కనుక ఎవరూ గమనించరు, రెండవది తెగిన నాడు అంతా ఆగుతుంది. గాజుతీగలు వాడే చోట దుమ్ము ప్రధాన శత్రువు. ఏకరీతి గాజుతీగలో కాంతి నడిచే భాగం సుమారు 9 మైక్రాన్లు, అనగా తలవెంట్రుక మందంలో కొద్ది వంతు. కొసను తుడిచి బిగించాలే గాని కంటితో తొంగిచూడరాదు. కనిపించని లేజరు కాంతి కంటికి హాని చేస్తుంది.

రెయిడ్ మనకు వ్యవధి ఇస్తుంది, రెండవ ప్రతిని ఇవ్వదు. ఇప్పుడు మా సంఘం ధ్వనిముద్రణల ప్రతి ఒకటి వేరొక ఊరిలో ఉన్నది. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడాన్ని నిదానమంటారు. తెలుగులో నిదానమంటే తొందరపడకపోవడం కూడా. ఎర్రదీపం ముందు నిలబడిన వారికి ఆ రెండర్థాలూ ఒకటే. నిదానమే ప్రధానం.