చంద్రపూరులో క్రొత్త విద్యార్థుల బస

కళాశాలలో ప్రవేశము లభించినదని వార్త రాగానే ఇల్లెల్ల సంతోషించును. పిల్లవాడెక్కడ నుండవలెను, ఏమి తినవలెను అను ప్రశ్న మరునాటికిగాని పుట్టదు. ఫీజు ఎంతయో ముందుగనే తెలియును. దానికి రాయితీలును విద్యార్థివేతనములును గలవు. నివాసభోజనముల ఖర్చు మాత్రము ఎవరును వ్రాసి యీయరు. చదువున వెనుకబడని బాలుడు సయితము మెస్సు బాకీ తీర్చలేక మొదటియేటనే యింటికి మరలవచ్చును. కావున చంద్రపూరు, గడ్చిరోలి జిల్లాలలోని తెలుగు తలిదండ్రులకు ఈ విషయమున నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ ప్రాంతమునందలి తెలుగువారందరును గనులకును కాగితపు మిల్లునకును పనికై వచ్చినవారు కారు. రాజురా తాలూకా పూర్వము హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజన తరువాత 1959లో చాందా జిల్లాలో చేరినది. కాళేశ్వరమున కెదుట, ప్రాణహిత యొడ్డుననున్న సిరొంచలో తెలుగు ఇంటి భాష. 1982లో గడ్చిరోలి జిల్లా వేరుపడినను, 2011లో గడ్చిరోలియందు గోండ్వానా విశ్వవిద్యాలయము వెలసినను, ఇంజనీరింగునకును వైద్యమునకును చంద్రపూరు చేరువారు నేటికిని గలరు. బల్లార్షానుండి చంద్రపూరునకు దూరము సుమారు పదునైదు కిలోమీటర్లు; సిరొంచనుండి దాదాపు రెండువందలు. ఇరువురకును ఒకే సలహా పనికిరాదు.

బల్లార్షా, రాజురా విద్యార్థులకు ఇంటినుండి వచ్చిపోవుటయే చౌక. ఎస్.టి. బస్సులలో విద్యార్థి పాసునకు మూడింట రెండువంతుల రాయితీ కలదు. అయితే ప్రయోగశాల ముగియు వేళకు బస్సున్నదా, లేదా అని ముందు విచారింపవలెను. దినమునకు మూడుగంటలు దారిలో గడుపువాడు మిగిల్చినది రూపాయలే గాని కాలము కాదు.

దూరమునుండి వచ్చువారికి మొదటి సంవత్సరమున కళాశాల వసతిగృహమే మేలని మా యభిప్రాయము. క్రొత్త యూరు, క్రొత్త భాష, క్రొత్త చదువు ఒక్కసారి మీదపడినప్పుడు వంటయు, అద్దెయు, నీళ్లకుండయు వాని తలపై మోపరాదు. ర్యాగింగునకు వెరచి హాస్టలు వలదనువారు కొందరు గలరు. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నిబంధనల ప్రకారము క్రొత్త విద్యార్థులను వీలైనంతవరకు ప్రత్యేక భాగమున నుంచవలెను. అట్టి వీలు లేనిచో పైతరగతులవారి రాకపోకలపై గట్టి నిఘా యుండవలెను. ఈ యేర్పాటున్నదో లేదో తండ్రి స్వయముగ పోయి చూడవలెను. సాంఘిక న్యాయశాఖయు గిరిజనాభివృద్ధిశాఖయు నడుపు ఉచిత వసతిగృహములును గలవు. వీనికి దరఖాస్తు వేరు. కళాశాలలో చేరినంతమాత్రమున అచట చోటు దొరకినట్లు కాదు. ఈ భేదము తెలియక గడువు దాటించుకొనరాదు.

హాస్టలులో చోటు దొరకనిచో గదియే గతి. ఇచట తలిదండ్రులు వేయు లెక్క తరచుగ నెల లెక్క. వేయవలసినది ఏటి లెక్క. ఉదాహరణకు ఇరువురు కలసి మూడువేల గది తీసికొనిరనుకొందము. ఒకని వంతు 1,500 రూపాయలు, ఖాణావళి భోజనమునకు 2,500. వెరసి నెలకు 4,000, పదినెలలకు 40,000 అని తండ్రి తలచును. కాని ఒప్పందము పదునొకండు నెలలకు. సెలవులలోను అద్దె నడచును. అద్దె 16,500, భోజనము పదినెలలకు 25,000, విద్యుచ్ఛక్తికి నెలకు 300 చొప్పున 3,300, బస్సులకు 4,000, మంచము, పరుపు, బకెట్టు, తాళము మొదలగువానికి 4,000, మొత్తము 52,800. మూడవనెల చివర జతగాడు వెడలిపోయినచో మిగిలిన యెనిమిది నెలల పూర్తి అద్దె ఒక్కనిపై పడి 64,800 అగును. ఈ యంకెలు లెక్క చూపుటకు మేము గ్రహించినవే గాని బజారు ధరలు కావు. మీమీ ధరలు వేసికొనినను, తలచినదానికిని అయినదానికిని అంతరము ఈ చోటులనే పుట్టును.

అంతకంటె ముఖ్యమైనది మొదటి వారము. రెండునెలల అద్దె అడ్వాన్సులో తన వంతు 3,000, మొదటి నెల అద్దె 1,500, భోజనమునకు 2,500, సామానులకు 4,000. పై లెక్కనే తరగతి ప్రారంభము కాకముందే 11,000 చేతినుండి పోవును. పేదవాడు తడబడునది ఈ గడపయొద్దనే.

వసతిగృహమున చోటు దొరకని షెడ్యూల్డు కులముల విద్యార్థులకై మహారాష్ట్ర ప్రభుత్వము 2016-17లో డాక్టరు బాబాసాహెబు అంబేద్కరు స్వాధార్ యోజనను ఆరంభించినది. ఊరి తరగతినిబట్టి ఏటికి 60,000, 51,000, 43,000 రూపాయలుగ నాడు నిర్ణయింపబడినవి. గిరిజన విద్యార్థులకు స్వయం యోజన కలదు. ఇవి మహారాష్ట్ర నివాసులకే. తెలంగాణమునుండి వచ్చువారు వీనిపై ఆశ పెట్టుకొనరాదు. అర్హులైనవారును ఒకటి గుర్తింపవలెను: సొమ్ము ఖాతాలో పడువరకు ఇంటి యజమాని ఆగడు.

గదిని జూన్ నెలలో చూచి మురియరాదు. వేసవిలో ఈ యూర నలుబదియారు, నలుబదియేడు డిగ్రీల యెండ కాయును. రేకులకప్పు గది అద్దె చౌకయే, కాని కూలరునకగు విద్యుత్తు ఆ చౌకను మ్రింగును. ఇరయీ నదికి దగ్గరి పల్లపు పేటలలో వర్షాకాలమున నీరెంతవరకు వచ్చునో ఇరుగుపొరుగువారి నడుగవలెను. 1999వ సంవత్సరపు మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము 55వ సెక్షను ప్రకారము ఒప్పందము వ్రాతపూర్వకముగ నుండి రిజిష్టరు కావలెను. ఆ బాధ్యత యజమానిది. పత్రము లేనిచో షరతులనుగూర్చి అద్దెకున్నవాని మాటయే, కాదని రుజువగువరకు, చెల్లును. అద్దెకు రసీదు నడుగుట విద్యార్థి హక్కు. పదునెనిమిదేండ్లు నిండనివాడు చేసిన ఒప్పందము నిలువదు గనుక తల్లియో తండ్రియో సంతకము చేయవలెను.

ఆడపిల్లల విషయము వేరుగ చెప్పవలసియున్నది. మగపిల్లవానికి గది దొరకనిచో వెదకుదురు. ఆడపిల్లకు దొరకనిచో చదువు మాన్పింతురు. వసతి లేమి ఇట్లు పెండ్లికి సాకగుచున్నది. అన్నకు గది వెదకిన శ్రద్ధలో సగము చూపినను చెల్లెలి చదువు నిలుచును.

పూర్వము మనలో పేదవిద్యార్థి వారములు చేసికొని చదివెడివాడు. దినమున కొక యింట భోజనము. మహారాష్ట్రులలోను ఈ యాచారమే యుండెను. అందు దయ కలదు, చిన్నతనమును కలదు. కులపు గిరియు కలదు. దానికి మారుగ వసతిగృహములు పుట్టినవి. కొల్హాపురమున శాహూ మహారాజు 1901 మొదలు విద్యార్థులకు వసతులు కల్పించెను. హైదరాబాదున 1918లో రెడ్డి హాస్టలు వెలసెను. సాతారాలో భావూరావు పాటీలు 1924లో అన్ని కులముల బాలురను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెను. 1938లో వందేమాతరమును పాడి ఉస్మానియానుండి బహిష్కృతులైన విద్యార్థులకు నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. పిమ్మట ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు అచటనే న్యాయశాస్త్రము చదివెను. ఒక తరమునకు దొరకిన చోటు తరువాతి తరమున దేశమునకు ఫలించును.

నేడు చంద్రపూరు, బల్లార్షాలలోని తెలుగువారిని మేము గొప్ప భవనము కట్టుమని కోరుట లేదు. వర్తకులును, గనులలోను మిల్లులోను పనిచేసి విశ్రాంతి పొందినవారును కలసి రెండు పనులు చేయవచ్చును. మొదటిది, ఏటేట ప్రవేశములకు ముందే నమ్మదగిన గదుల పట్టికను, ముఖ్యముగ ఆడపిల్లల కనువైనవానిని, స్వయముగ చూచి సిద్ధపరచుట. రెండవది, మొదటివారపు ఖర్చునకు వడ్డీలేని అప్పిచ్చి, విద్యార్థివేతనము రాగానే తిరిగి పుచ్చుకొను చిన్న నిధి నేర్పరచుట. తిరిగివచ్చిన సొమ్ము మరుసటియేడు మరియొకనికి గడప దాటించును. ఇది దానము కాదు, చేబదులు. పుచ్చుకొనువాడు తల వంచవలసిన పని లేదు. ఈ జూన్‌లోపల పది కుటుంబములు పూనుకొన్నను కార్యము మొదలగును.