వజ్రాల నేల విడిచి ఎడారి బాట
రెండేళ్ళకొకసారి ఇల్లు, మళ్ళీ ప్రయాణం

వజ్రకరూరు: తొలకరి వానలు పడగానే ఈ ఊరి చుట్టుపక్కల పొలాల్లో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. గొర్రు కట్టి బుడ్డలు విత్తే రైతులు ఒకరు, తల వంచుకొని వజ్రం కోసం నేలంతా గాలించేవారు మరొకరు. భూమి లోతుల నుంచి పైకి వచ్చిన కింబర్లైటు రాయి ఇక్కడ ఉంది. అది అరిగి మట్టిలో కలిసినందువల్లనే వానకు వజ్రాలు బయటపడుతున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. భారత భూగర్భ సర్వే సంస్థ ఇక్కడ కింబర్లైటు మ్యూజియం కూడా నెలకొల్పింది. అయితే వజ్రం దొరికేది ఎక్కడో ఒకరికి. మిగిలిన వారికి బతుకుదెరువు వానే. ఆ వాన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. అది కూడా అదనులో పడదు.

ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు 8 లక్షల హెక్టార్ల దాకా వేరుశనగ వేసేవారు. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే పెట్టుబడి కూడా రాదు. హంద్రీ-నీవా నీరు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరింది. అయినా మెట్టపొలాలన్నిటికీ తడి అందలేదు. అందుకే ఈ పల్లెలకు, తండాలకు వలస కొత్త మాట కాదు. గుంటూరు వైపు మిరప కోతకు సుగ్గికి పోయేవారు, బెంగుళూరులో కట్టడం పనికి పోయేవారు ఏటా ఉన్నారు. వీటికి మించిన దూరపు వలస కోయిట ప్రయాణం.

కోయిట దారి

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరగడంతో గల్ఫ్ దేశాలు కట్టడాలకు, ఇంటిపనులకు బయటి కూలీలను పెద్ద ఎత్తున రప్పించసాగాయి. రాయలసీమలో రాయచోటి, రాజంపేట, కడప, కదిరి ప్రాంతాలు ఈ దారి పట్టాయి. మగవారు డ్రైవర్లుగా, వంటవారుగా, గొర్రెల కాపరులుగా వెళ్ళారు. ఇంటిపనికి ఆడవారు కూడా పెద్ద సంఖ్యలో వెళ్ళడం రాయలసీమ వలసలో ప్రత్యేకంగా పేర్కొనదగిన విషయం. తల్లి కువైట్‌లో పరాయి బిడ్డలను పెంచుతుంటే ఇక్కడ ఆమె బిడ్డలను అవ్వ పెంచుతుంది. నెలనెలా డబ్బు వస్తుంది గాని పిల్లవాడికి జ్వరమొస్తే తల్లి రాదు.

ఈ సంపాదన ఎంత నిలకడ లేనిదో 1990 ఆగస్టు 2న తెలిసింది. ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించగా, సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తేవలసి వచ్చింది. మళ్ళీ 2020లో కరోనా సమయాన సెలవుకు వచ్చినవారు విమానాలు లేక ఇక్కడే చిక్కుకుపోయారు. అక్కడ ఉన్నవారు పని లేక చిక్కుకుపోయారు.

సెలవులోనే అసలు లెక్క

రెండేళ్ళ ఒప్పందం ముగిశాక ఇంటికి వచ్చిన మనిషికి ఉండేది రెండు, మూడు నెలలు. ఆ కొద్ది రోజుల్లోనే వడ్డీ అప్పు తీర్చాలి, కూతురి పెళ్ళి మాట తేల్చాలి, మిద్దెకు పునాది తీయాలి. చేతిలో డబ్బు కనిపించగానే బోరు వేద్దామన్న ఆలోచన కూడా వస్తుంది. ఇక్కడి గట్టి రాతి నేలలో వందల అడుగులు దిగినా నీరు పడుతుందన్న నమ్మకం లేదు. బోరు ఎండిందంటే రెండేళ్ళ కష్టం ఒక్క రాత్రిలో మట్టిపాలు. మళ్ళీ అప్పు, మళ్ళీ వీసా. ఒక్కసారి పోయి వద్దామని బయలుదేరినవారు పదిహేను, ఇరవై ఏళ్ళు అక్కడే గడపడానికి కారణం ఇదే. సెలవు గడువు దాటితే అకామా పోతుందన్న భయం కూడా తొందరపెడుతుంది.

తిరిగి వచ్చిన ప్రతిసారీ మొదట అప్పు, తరువాత పిల్లల చదువు, ఆ తరువాతే మిద్దె, బోరు అని వరుస పెట్టుకోవడం మేలు. మళ్ళీ వెళ్ళాలా, ఎన్నాళ్ళు వెళ్ళాలి అన్నది ఇంటిల్లిపాది కూర్చొని తేల్చుకోవలసిన సంగతి. పంపిన డబ్బు కొంతైనా వెళ్ళిన మనిషి పేరనే బ్యాంకులో ఉండాలి. చివరిసారి తిరిగి వచ్చిన నాటికి చేతిలో ఏమీ మిగలకపోతే ఆ వయసులో మళ్ళీ కూలికి పోవలసిందే.

కాగితం ముఖ్యం

పదో తరగతి ప్యాసుకాని వారు గల్ఫ్‌కు ఉద్యోగానికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. 30 ఏళ్ళు నిండని స్త్రీకి ఇంటిపనికి ఆ అనుమతి ఇవ్వరు. ఇంటిపనికి వెళ్ళే స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం ఉంది. మన రాష్ట్రంలో అటువంటి సంస్థ ఓంక్యాప్. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. విజిట్ వీసాపై పంపి అక్కడ పని చూపిస్తామనే బ్రోకరు మాట నమ్మరాదు. అనుమతి లేకుండా వెళ్ళిన వారి వివరాలు సర్కారు దగ్గర ఉండవు. ఆపద వస్తే ఆచూకీ తీయడమే కష్టమవుతుంది.

అనుమతి పొందినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఉంచి వెళ్ళాలి.

కువైట్‌లో ఇంటిపనివారి కోసం 2015లో ఒక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదనీ, వారానికి ఒకరోజు, ఏడాదికి 30 రోజులు సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదనీ అందులో ఉంది. పని మానే నాడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. ఈ సంగతి తెలియకనే ఎందరో ఒట్టి చేతులతో తిరిగి వస్తున్నారు. జీతమివ్వని కఫీలు ఇల్లు విడిచి పారిపోతే కల్లివల్లి అన్న ముద్ర పడి, అకామా పోయి, జైలు భయంతో బతకాలి. అటువంటివారు జరిమానా లేకుండా దేశం విడిచి పోవడానికి కువైట్ ప్రభుత్వం 2018లోను, 2024లోను గడువు ఇచ్చింది. ఆ అవకాశం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. కనుక కష్టం వచ్చిన వెంటనే భారత రాయబార కార్యాలయానికి వెళ్ళడం ఉత్తమం.

ఈ వివరాలు పల్లెలకు చేరడం లేదు. బ్రోకరు మాత్రం గడప దాకా వస్తున్నాడు. వీసా కాగితం చదివి చెప్పే ఏర్పాటు మండల కేంద్రంలోనే ఉంటే, పొలం తాకట్టు పెట్టి మోసపోయేవారి సంఖ్య తగ్గుతుంది. పొలంలో వజ్రం దొరకడం అదృష్టం కావచ్చు. పరాయి దేశంలో చేసిన కష్టానికి కూలి దక్కడం మాత్రం అదృష్టానికి విడిచిపెట్టవలసిన విషయం కాదు.