పెద్దల దీర్ఘకాలిక సంరక్షణ - ఇంట్లో ముందుగా మాట్లాడుకోవలసిన విషయం

విద్యార్థులారా! జీవశాస్త్రంలో మీరు విత్తనం మొలకెత్తడం, శిశువు ఎదగడం, కౌమారదశలో వచ్చే మార్పులు వివరంగా చదివారు. వార్ధక్యాన్ని మాత్రం పాఠాల్లో అంత వివరంగా చెప్పుకోం. కాని మీలో చాలామంది ఇళ్ళల్లో తాతగారో, అమ్మమ్మో, నాయనమ్మో ఉన్నారు. వారు మంచం పడితే ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్ళు, ఏ డబ్బుతో చూసుకోవాలి? ఈ ప్రశ్నను ఇప్పుడే ఎందుకు వేసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా కొన్ని అంకెలు చూడండి. 1941-51 దశకంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. ఇప్పుడది 70 ప్రాంతంలో ఉంది. 2011 జనగణన ప్రకారం 60 ఏళ్ళు నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది. 2050 నాటికి ప్రతి అయిదుగురిలో ఒకరు ఆ వయసువారే ఉంటారని ఐక్యరాజ్యసమితి అంచనా. మరోవైపు కుటుంబాలు చిన్నవవుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒకప్పుడు అయిదుగురు పంచుకున్న పని ఇప్పుడు ఇద్దరి మీద పడుతోంది. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాదులోనో, మరొకరు డల్లాస్‌లోనో ఉంటారు.

దీర్ఘకాలిక సంరక్షణ అంటే వైద్యం ఒక్కటే కాదు. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ఒక కొలమానాన్ని ప్రచురించారు. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, మంచం మీద నుంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను అదుపులో ఉంచుకోవడం, తనంతట తాను తినడం - ఈ ఆరు పనుల్లో ఎన్ని సొంతంగా చేసుకోగలరో చూస్తారు. సాధారణంగా ముందుగా కష్టమయ్యేది స్నానం. చివరిదాకా నిలిచేది తినడం. పసిపిల్లలు ఈ పనులు నేర్చుకునే వరుసకు ఇది దాదాపు తలకిందులుగా ఉండటం గమనించండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పక్షవాతం వచ్చిన పెద్దాయన పది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వస్తారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మంచం మీదే ఉండవచ్చు. కదలకుండా పడుకున్నప్పుడు ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని కణజాలం చచ్చి పుండు పడుతుంది. వీటినే బెడ్ సోర్స్ అంటారు. ఇవి రాకుండా సుమారు రెండు గంటలకొకసారి ఒత్తిగిలించి పడుకోబెట్టమని చెబుతారు. అంటే రోజుకు పన్నెండు సార్లు. రాత్రి రెండు గంటలకు లేచి ఆ పని చేసేదెవరు? మన ఇళ్ళల్లో ఎక్కువగా భార్య, లేకపోతే కోడలు. ఆమెను ఎవరూ అడగరు, ఆమె చేస్తుందని అనుకుంటారంతే. ఇది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

70 ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2024 అక్టోబరులో వర్తింపజేశారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. మంచి విషయమే. అయితే అది ఆస్పత్రిలో చేర్చి చేయించే చికిత్సకు. ఇంటికి వచ్చే ఆయా జీతం, డైపర్లు, గాలి పరుపు ఖర్చు కుటుంబమే పెట్టుకోవాలి.

ఇక ముందుగానే ఎందుకు మాట్లాడాలి? దీనికి సమాధానం మెదడులో ఉంది. 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని మన దేశంలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2023లో అంచనా వేసింది. అల్జీమర్స్ వ్యాధిలో తొలి దెబ్బ సాధారణంగా కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ భాగానికి తగులుతుంది. తర్వాతే మంచిచెడ్డలు బేరీజు వేసే శక్తి బాగా తగ్గుతుంది. అందువల్ల తొలి దశలో రోగి తన ఇష్టాన్ని చెప్పగలరు, కొన్నేళ్ళ తర్వాత చెప్పలేరు. మెదడు ఎడమ భాగంలో పక్షవాతం వస్తే ఇంకో ఇబ్బంది. ఎదుటివారి మాట అర్థమవుతున్నా తన మాట పెగలకపోవచ్చు.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. చదువుకున్నవారిలోనూ చాలామంది, "నాన్నగారు పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు, ఇక భయం లేదు" అనుకుంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, రాసిచ్చిన వ్యక్తికి మతి స్థిమితం తప్పితే ఆ అధికారం సాధారణంగా రద్దవుతుంది. సరిగ్గా అవసరమైన రోజునే ఆ కాగితం పనికిరాకుండా పోతుందన్నమాట. అప్పుడు కోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చెల్లే జాయింటు ఖాతా ముందే తెరిచి ఉంటే నెలవారీ ఖర్చులకైనా ఇబ్బంది ఉండదు.

ఇంటిని పిల్లల పేర గిఫ్ట్ డీడ్ రాసే పెద్దలు తమ పోషణ బాధ్యతను షరతుగా అందులో రాయించుకోవడం మంచిది. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటరు వంటివి వద్దనుకునేవారు ముందుగా రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే చాలు.

అసలు కష్టం నోరు తెరవడంలో ఉంది. "తథాస్తు దేవతలుంటారు, అలాంటి మాటలనకు" అని పెద్దలు కసురుకుంటారు. కాబట్టి సూటిగా కాక, పక్కింటి సంగతితో మొదలుపెట్టండి. "అమ్మమ్మా, ఎదురింటి తాతగారు మంచం పట్టారట కదా. అలాంటప్పుడు నువ్వయితే మామయ్య దగ్గర ఉంటావా, ఊళ్ళోనే ఉంటావా?" అని అడిగితే ఆవిడే చెప్పుకొస్తుంది. స్నానం చేయించేది కోడలైతే సరేనా, బయటి మనిషిని పెట్టుకుంటే బిడియమా, పింఛను ఎంత, కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి - ఇవి ఒక్కరోజులో తేలేవి కావు. విదేశాల్లో ఉన్న పిల్లలు పండక్కి వచ్చినప్పుడు అందరూ కూర్చోవచ్చు. సేవ చేయబోయే ఆడవాళ్ళు వంటింట్లో ఉండగా మగవాళ్ళు వరండాలో నిర్ణయించడం మాత్రం వద్దు.

ఒక జాగ్రత్త. "నిన్ను ఎప్పటికీ ఇంట్లోనే చూసుకుంటాం" అని ఆవేశంలో మాట ఇవ్వకండి. రేపటి పరిస్థితి ఎవరి చేతుల్లోనూ ఉండదు. "నిన్ను అడగకుండా ఏదీ చేయం" అన్న మాటను నిలబెట్టుకోవడం తేలిక. అనుకున్నవి ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. ఏడాదికొకసారి చదివి వినిపించి, మనసు మారితే దిద్దండి.

కుటుంబం ఒక్కటే అన్నీ మోయనక్కరలేదని కేరళ చూపించింది. 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ సేవకు 2008లో రాష్ట్ర ప్రభుత్వం ఒక విధానం రూపొందించింది. స్థానిక సంస్థల ఆధ్వర్యంలో నర్సులు మంచం పట్టినవారి ఇళ్ళకే వెళ్తారు. శిక్షణ పొందిన ఇరుగుపొరుగువారు, విద్యార్థులు కూడా సాయపడతారు. మీ ఊళ్ళో ఏ సేవలున్నాయో తెలుసుకోవడానికి వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయవచ్చు. ఈ నంబరును కూడా ఆ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచండి.